సౌండు బటను పండితుడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఏదైనా ఉందంటే, నాకు ఏమీ తెలియదన్న సంగతి ఒక్కటే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తి కాకముందే తల దించుకోవాలని కూడా అనిపిస్తుంది. డిప్లొమా చదివి, శ్రీ సిటీలో ఫోన్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. తిరుపతిలో నలుగురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళం. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కడం, ఆదివారమైతే పాకాల బండెక్కి ఇంటికి పోవడం. మా పాకాలలో అందరికీ నేను 'ఫోన్లు చేసే అబ్బాయి'ని. నిజానికి నేను చేసేదల్లా, ముందుకొచ్చిన ప్రతి ఫోనుకూ పక్కనుండే సౌండు బటను పైకొకసారి, కిందికొకసారి నొక్కడం. టిక్కుమంటే ముందుకు పంపాలి, టిక్కుమనకపోతే పక్కన పెట్టాలి. షిఫ్టు మొత్తం అంతే. (కెమెరా చూసే అమ్మాయి వేరు, తెర చూసే అబ్బాయి వేరు. వాళ్ళ బల్లలవైపు తొంగిచూడ్డానికి కూడా నాకు తీరిక ఉండేది కాదు.) ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. అలాగని అబద్ధమూ ఆడలేదు. అడిగినవాళ్ళకు 'క్వాలిటీ చెకింగ్' అని చెప్పి, ఆ మాట మీద వాళ్ళు కట్టుకున్న మేడలో హాయిగా కాపురం పెట్టాను.

దాంతో ఆదివారమొస్తే మా ఇంటి ముందర ఫోన్ల పంచాయితీ మొదలయ్యేది. ఒకరు కొనబోయే ఫోను పేరు చెప్పేవాళ్ళు, ఇంకొకరు కొనేసింది తెచ్చి చూపించేవాళ్ళు. నేను బస్సులో నెట్లో చదివినవీ, వీడియోల్లో చూసినవీ కలిపి తీర్పులు చెప్పేవాణ్ణి. నిండు కుండ తొణకదంటారు. నాది అడుగున గ్లాసెడు నీళ్ళున్న కుండ, అందుకని కదిపినవాళ్ళకూ కదపనివాళ్ళకూ కూడా శబ్దం వినిపించేది. పైగా నేను చదివేదంతా లక్ష రూపాయల ఫోన్ల గురించి. రాజును చూసిన కళ్ళతో మొగుణ్ణి చూస్తే మొత్తబుద్ధయిందట, అలాగ మామూలు మనుషుల చేతుల్లోని మామూలు ఫోన్లన్నీ నా కంటికి చెత్తబుట్ట సరుకులాగే కనబడేవి.

మా నాయన దర్జీ. ఇంటి ముందుగదే అంగడి. నాయన మాటలు తక్కువ మనిషి కానీ ఒక అలవాటుండేది. వేరే దర్జీ పాడుచేసిన చొక్కానో ప్యాంటో ఎవరైనా సరిచేయమని తెస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు అందులో బాగున్నదేదో వెతికి చెప్పేవాడు. "కాలరు బాగా కూర్చోబెట్టినాడప్పా. సంకకాడ రవంత ఒదులు చేస్తే సరిపోతాది." చొక్కా గోనెసంచిలాగున్నా సరే, ఆయనకు ఒక కాలరో, ఒక కాజానో దొరికేది. పక్కవాడి పనిని అంత వెనకేసుకు రావడమెందుకని ఒకసారి అడిగితే, ఆ చొక్కా ఇష్టపడి కుట్టించుకున్న మనిషి ఎదురుగ్గా నిలబడి ఉంటాడు కదా అన్నాడు. అప్పుడు నాకది వ్యాపారం తెలియని మనిషి మాటలాగ అనిపించింది.

నా ఫోను గురించి కూడా చెప్పాలి. పండితుడి చేతిలో ఉన్నది, తెర మూలన పగిలి, మాట సగం సగం మింగే ముసలి ఫోను. రోజూ సాయంత్రం నాయన చేసేవాడు. ఆయన ఏదో అనేవాడు, నేను ఏదో అనేవాణ్ణి, మధ్యలో గాలి తోలినట్టు గుయ్యిమనేది. "నువ్వు తిన్నావా లేదా అనేది కూడా ఇనబడలేదురా" అని అమ్మ ప్రతి ఆదివారం వాపోయేది. మంచి ఫోను ఏదో తేల్చుకున్నాక కొంటానని నేను. (అది తేలదు. నెల నెలా ఇంకో మంచిది వస్తుంది.)

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక నాయన అంగట్లోకి పిలిచాడు. కుట్టుమిషను బల్ల మీద కొత్త ఫోను డబ్బా ఉంది. పక్కనే స్టూలు మీద సోడా మామ కూర్చుని ఉన్నాడు. మామంటే చుట్టమేమీ కాదు, ఎదురుగా సోడా అంగడి ఆయన, నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆ రోజు ఇద్దరూ ఎందుకో ఉతికిన చొక్కాలు వేసుకుని ఉన్నారు. అమ్మ కూడా గడపలోకి వచ్చి నిలబడింది. అదైనా గమనించాల్సింది నేను.

"ఇది మీ సోడా మామది. కొత్తగా తెచ్చినాడు. ఎట్లుండాదో సూడప్పా" అన్నాడు నాయన.

చూశాను. వెనకవైపు గోటితో కొట్టి, ప్లాస్టిక్కు అన్నాను. తెర ఎండలో కనబడదన్నాను. లోపలుండే ప్రాసెసరు పాతది, ఏడాదికి నత్తలాగ నడుస్తుందన్నాను. వెనక నాలుగు కళ్ళున్నాయి గానీ రెండు దిష్టిబొమ్మకు పెట్టినవేననీ, పొద్దు వాలితే ఫొటోలు బూడిద చల్లినట్టు వస్తాయనీ చెప్పాను. చార్జింగు పెడితే వేడెక్కుతుంది, కింద పడితే అద్దం నిలవదు, అడగని యాప్‌లు యాభై ఉంటాయి. నేను చెప్పేకొద్దీ సోడా మామ దగ్గుతున్నాడు. దుమ్మేమో అనుకున్నాను. చివరికి ఆయన ఉండబట్టలేక, "అంత పనికిమాలిందా అప్పా? అంగడాయన బ్యాటరీ రెండు దినాలు వస్తాదన్నాడే, మాట గంట కొట్టినట్టు ఇనబడతాదన్నాడే" అని ఎదురు తిరిగాడు. తన సొంతానికి తెచ్చుకున్నవాడు కూడా అంతలా వాదించడు. ఫోనంటే మాట్లాడుకోవడానికి మాత్రమే అనుకునే కాలం పోయింది మామా అన్నాను. అంతటితో ఆపినా బాగుండేది. డబ్బా మూలనా, కెమెరా పక్కనా ఎర్రగా కనబడింది. వేలితో తుడిచి చూశాను. కుంకుమ. చార్జింగు కన్నంలో పసుపు.

"ఇది కొత్తది కూడా కాదు మామా. ఎవరో పూజ చేసుకుని వాడుకుని తిప్పి పంపింది నీకు అంటగట్టినారు" అన్నాను. అని నేనే నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. నాయన ఫోను తీసుకుని, పంచె చెంగుతో నా వేలిముద్రలు తుడిచి, నిదానంగా డబ్బాలో పెట్టాడు. "అట్లనా. నువ్వు రోజూ సూసేటోడివి, నీకు తెలీదా" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను సాయంత్రం బండికి తిరుపతి వచ్చేశాను. మామను మోసం నుంచి కాపాడానన్న తృప్తితో దారిపొడుగునా కిటికీ పక్కన కూర్చుని శనక్కాయలు తిన్నాను.

ఆ తర్వాత సోడా మామ నాకు సోడా ఇచ్చేటప్పుడు ముఖం చూసేవాడు కాదు. నిజం నిష్ఠూరంగా ఉంటుందని సరిపెట్టుకున్నాను. రెండు నెలలకు నేనే ఒక ఫోను కొనుక్కున్నాను. అప్పటినుంచి నాయన గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినబడేది, మిషను తొక్కే చప్పుడు కూడా తెలిసేది. అదంతా నా ఎంపిక గొప్పతనమేనని గదిలో మిగతా ముగ్గురికీ చెప్పి విసిగించాను.

ఏడాది తిరిగాక ఒకసారి సెలవొస్తే చెప్పకుండా ఇంటికి వెళ్ళాను. అంగట్లో నాయన లేడు. ఎక్కడున్నాడోనని ఆయన నంబరు కొట్టాను. మిషను సొరుగులో, రవికె ముక్కల కింద నుంచి మోగింది. నాకు తెలిసి నాయన దగ్గరుండేది పాత బటన్ల ఫోనే. సొరుగు లాగితే చక్కటి నీలం గుడ్డతో, లోపల మెత్తటి పొర వేసి, రెండు వరసల కుట్టుతో కుట్టిన సంచి బయటపడింది. అందులో ఆ ఫోను. కెమెరా పక్కన ఎర్రటి మచ్చ అలాగే ఉంది.

అమ్మ వచ్చి నా చేతిలో దాన్ని చూసింది. "నీకనే కొన్నాడురా" అంది. నీ మాట ఇనబడడంలేదని నాయనా సోడా మామా తిరుపతి పోయి, నాలుగు అంగళ్ళు తిరిగి, నిలబడి మాట్లాడి చూసి కొన్నారట. కొత్త బండికి చేయించినట్టే అలిపిరిలో పూజ కూడా చేయించారట. (చక్రాల్లేని బండికి నిమ్మకాయ యాడ పెట్టేదని అక్కడి అయ్యవారే నవ్వాడట.) ముందే నీకని చెబితే మొహమాటానికి బాగుందంటావని, మామదని చెప్పి అడిగాడట. నా తీర్పు విన్నాక దాన్ని నాకివ్వడానికి ఆయనకు చెయ్యి రాలేదు, తనే వాడుకోవడం మొదలుపెట్టాడు. నేను ఇంటికొచ్చిన ప్రతిసారీ దాన్ని సొరుగులో దాచి, పాతది బల్లమీద పెట్టేవాడట. నేను చూస్తే నొచ్చుకుంటానని.

అంతకంటే నన్ను కుంగదీసింది ఇంకోటి. నేను అన్న ప్రతి మాటనూ ఆయన నమ్మాడు. వేడెక్కుతుందన్నానని మంచినీళ్ళ కుండ పక్కన పెట్టి చార్జింగు చేసేవాడు. ఎండలో కనబడదన్నానని ఫోనొస్తే లేచి లోపలికి వెళ్ళేవాడు. అద్దం నిలవదన్నానని ఆ సంచి. ఫొటోలు రావన్నానని ఏడాదిలో ఒక్క ఫొటో తీయలేదు. తెరిచి చూస్తే ఉన్నది ఒకే ఒక్కటి, కొన్న రోజున అలిపిరిలో ఎవరో తీసిపెట్టింది. నాయనా మామా పక్కపక్కన, నాయన చేతిలో కొబ్బరి చిప్ప, ముఖం నిండా నవ్వు. పొద్దు వాలాక తీసిందే. వెనక కొండ మీద మెట్లదారి దీపాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆయన అంతగా నవ్వడం నేను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. చూసే అవకాశం ఒక ఆదివారం మధ్యాహ్నం నా కాళ్ళ దగ్గరికి వచ్చింది, నేను ప్రాసెసరు గురించి మాట్లాడుతూ ఉన్నాను.

నాయన వచ్చాక, ఆ ఫోను నాకివ్వమని అడిగాను. నాది ఆయన్ని తీసుకోమన్నాను. ఒప్పుకోలేదు. "వద్దులేప్పా. బాగలేదని నువ్వే జెప్తివి గదా. బాగలేంది నీకెట్లిస్తా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదది. అదయితే నాకు తేలికగా ఉండేది. అప్పుడు మొదటిసారి నిజం చెప్పాను. నేను ఫోన్లు చేసేవాణ్ణి కాదు, సౌండు బటను మాత్రమే నొక్కేవాణ్ణని, మిగతాదంతా నోటికొచ్చింది వాగానని.

నాయన సూది బెజ్జంలోకి దారం ఎక్కించుకున్నాడు. తర్వాత ఫోను నావైపు జరిపి, "అయితే ఆ బటను ఎట్లుండాదో సూడు" అన్నాడు.

ఆ ఆదివారం అన్నీ చూశాను గానీ దాన్ని మాత్రం నొక్కలేదు, నాకు నిజంగా తెలిసింది అదొక్కటే అయినా. పైకొకసారి, కిందికొకసారి నొక్కాను. టిక్కు, టిక్కు. అంత చక్కగా పలికే బటను మా కంపెనీలో కూడా రోజుకు పది వచ్చేవి కావు. బాగుంది నాయనా అన్నాను. "సాలు" అని, మళ్ళీ దాన్ని సంచిలో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాడు.

ఆ కంపెనీ మానేసి చాలా కాలమైంది. కానీ పాకాలలో నా పాండిత్యం మీద నమ్మకం ఇంకా చావలేదు, ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్త ఫోను తెచ్చి ఎట్లుండాదో సూడమంటారు. ఎవరికోసం కొన్నదో చెప్పరు, నేనూ అడగను. తీసుకుని ముందు వెనకవైపు తిప్పి, కెమెరా పక్కన వెతుకుతాను. కుంకుమ కనబడిందంటే ఇంక ఏమీ చూడను. శానా బాగుండాదప్పా, మంచిది ఎంచి తెచ్చినావు అని చేతికిచ్చేస్తాను.