పొయ్యి మీద సర్వరు

సిల్వర్ ఓక్ చెట్టుకి పాకిన మిరియాలు కోస్తూ, నిచ్చెనతో సహా కింద పడ్డాక మా బావమరిదికి నడుం కింద భాగం మాట వినడం మానేసింది. ఆసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన రోజు నుంచీ గోడ వైపు తిరిగే ఉన్నాడు. మా అత్త గిన్నె పట్టుకుని దగ్గరికెళ్తే కళ్ళు మూసుకునేవాడు.

"ఆ గోడలో ఏటి సినిమా ఆడతందిరా? మాకూ సెప్పు, టిక్కెట్టు పెడదాం" అనేవాణ్ణి.

నవ్వేవాడు కాదు. ఊళ్ళో ఎవరినైనా నవ్విస్తానని నాకో పేరుంది. ఆ మంచం దగ్గర అది చెల్లలేదు. మనిషి రోజురోజుకీ మంచంలోకి ఇంకిపోతున్నాడు. నర్సమ్మ వచ్చి చూసి, "తిండి తినకపోతే ఏ మందూ పనిచెయ్యదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

అతను ఆఖరుసారి ఏదైనా కావాలని అడిగింది విశాఖపట్నం ఆసుపత్రిలో. పక్క మంచం వాళ్ళెవరో ల్యాప్‌టాప్‌లో లారీ తోలే ఆట ఆడుతుంటే తల తిప్పి చూశాడు. ఘాట్‌రోడ్డు మీద లారీ తోలాలని అతనికి చిన్నప్పటి నుంచీ కోరిక. "బావా, ఇలాటిది మనింట్లో పెట్టగలవేటి?" అన్నాడు. "పెడతాను" అనేశాను. నాకు డుంబ్రిగుడలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి నన్నూ నేను బడినీ వదిలేసుకున్నాం. ఆటలాడే కంప్యూటరు కొనే తాహతు లేదు. ఒప్పేసుకునే నోరు మాత్రం ఉంది.

అప్పుడే అరకులో ఒక కాఫీ వ్యాపారి ఆఫీసు ఎత్తేస్తూ పాత సర్వరొకటి మూల పడేశారు. ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ ఫైళ్ళందించే పెద్ద పెట్టె అది. అడిగితే పట్టుకుపొమ్మన్నారు. బండి వెనక తాళ్ళతో కట్టి తెచ్చాను.

"ఇదేటి అల్లుడా, శవాన్ని తెచ్చినట్టు తెచ్చావు?" అంది అత్త.

"శవమే అత్తా. లేపుతాను సూడు."

స్విచ్చి వేయగానే లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఊళ పెట్టాయి. కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను దాని ముందు మెత్తన. కోళ్ళు చూరెక్కేశాయి.

"బావా, దాన్నాపు" అన్నాడు గోడ వైపు నుంచే.

ఎన్నాళ్ళకో వచ్చిన మాట. తిట్టే అయినా పండగ చేసుకున్నాను.

కానీ సర్వరుకి లెక్కలొచ్చుగానీ ఆటలు రావు. ఆట బొమ్మలు చూపించే కార్డు వేరే పెట్టాలి. తెలిసినవాడి దగ్గర పాతదొకటి, దాంతో పాటు ఓ పాత తెరా దొరికాయి. కార్డు దిగాల్సిన గాడి చివర మూసుకుపోయి ఉంది. రంపపు బ్లేడుతో కోశాను. నా పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు. కార్డు కూర్చుంది. దానికి కరెంటు అందించే వైరు లేదు. పెట్టె మూత తీసి ఉంచి, వైరు కోసం రైలెక్కి విశాఖపట్నం దిగాను.

వైరు దొరికింది. వాన కూడా దొరికింది. పట్టాల మీద కొండరాళ్ళు పడి రైళ్ళు ఆగిపోయాయి. చుట్టాలింట్లో కూర్చుని జేబులో వైరు తడుముకుంటూ ఉండిపోయాను. ఫోన్ చేస్తే మా ఆవిడ, "తమ్ముడు నీళ్ళు కూడా సరిగా తాగట్లేదు, బేగి రా" అనేది.

దారి తెరిచాక వచ్చి చూస్తే బల్ల మీద పెట్టె లేదు. తలెత్తాను. పొయ్యి మీద కట్టిన తడక మీద, వేలాడుతున్న విత్తనపు మొక్కజొన్న పొత్తుల మధ్య ఉంది నా సర్వరు. దించి చూస్తే ఫ్యాన్లలో, కార్డు సందుల్లో, గాడి నిండా మసి. పొడి మసి కాదు. వేలు పెడితే జిగురుగా అంటుకునే మసి.

"అత్తా! ఇది మొక్కజొన్న పొత్తేటి?"

"వాన కదా, సెమ్మ పట్టి పోద్దని నీ పెళ్ళామూ నానూ కలిసి ఎక్కించాం. ఇత్తనాలు అక్కడే దాస్తాం. పురుగట్టదు, బూజట్టదు. మా అమ్మనాటి నుంచి అలాగే దాస్తన్నాం. మరి నువ్వు తెచ్చింది ఆడి కోసం కాదేటి?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు. మా ఇళ్ళలో పోకూడనిదేదైనా ఉంటే పొగలో పెడతాం. ఆవిడ దానికి ఇంట్లో అన్నిటికన్నా మంచి చోటిచ్చింది. ఏదో ఒక హాస్యం ఆడదామని నోరు తెరిచాను. గుమ్మంలో చతికిలబడి, ఆ పెట్టె మీద తల ఆనించి ఏడ్చాను. నా దగ్గర ఇంకో ఉపాయం లేదు.

"బావా, దాన్నిలా తే."

చేతుల మీద బలమంతా వేసి, మంచం కిర్రుమంటుండగా ఇటు తిరుగుతున్నాడు. మా ఆవిడ పరుగెత్తి వీపుకి దిండు పెట్టింది. పెట్టె పక్కన పెట్టాను. సెల్‌ఫోన్ బోర్డులు కడిగే మందూ, పళ్ళు తోముకునే బ్రష్షూ ఇచ్చాను. నేనో చెయ్యి వేయబోతే తోసేశాడు.

"నువ్వొగ్గీయ్. తొమ్మిదిలో మానేసినోడికి ఇంత పెట్టె ఎవుడిచ్చాడు?"

సాయంత్రానికి వైరు తగిలించి స్విచ్చి వేశాం. ఫ్యాన్లు ఊళ పెట్టాయి. తెర నల్లగా అలాగే ఉండిపోయింది. రెండోసారీ అంతే. ఇప్పుడు మళ్ళీ గోడ వైపు తిరుగుతాడనుకున్నాను.

తిరగలేదు. తెర వంక చూస్తూనే ఉన్నాడు. "ఆపు. ఆ గాడిలో ఇంకా మసున్నాది. నాను సరిగ్గా తియ్యలేదు" అని మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు.

మోచేతుల దాకా నలుపు. ఆ చేతులతో ముద్ద పట్టలేడు. మా అత్త చోడి అంబలిలో, అదే రాగి జావలో, అన్నం కలిపి నోటి దగ్గర పెట్టింది. కళ్ళు గాడి మీద నుంచి తీయకుండానే నోరు తెరిచాడు. మింగాడు. ఇంకో ముద్ద కోసం మళ్ళీ తెరిచాడు.

నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఆ గాడి బాగుపడాలో, అందులో మసి ఇంకా మిగలాలో, ఏ దేవుణ్ణి ఏమని అడగాలో నాకు తెలియలేదు.