పుంటికూర కింద యాంటెన్నా

తొంభైల్లో, సూరత్‌లో ఎం.టెక్. చదివే ఆ రోజుల్లో, నా లెక్కకూ లోకానికీ తేడా వస్తే తప్పు లోకానిదేనని నాకు గట్టి నమ్మకం. ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగను మట్టిలో పాతితే అది యాంటెన్నాగా ఎలా పనిచేస్తుందో కంప్యూటరులో ముందే లెక్కగట్టడం నా ప్రాజెక్టు. రుజువు కోసం నిజంగానే ఒక తీగను పాతాలి. కాలేజీలో తవ్వనివ్వలేదు (అక్కడ గులాబీలకు నాకంటే పలుకుబడి ఎక్కువ). చివరికి ఊళ్లోనే ఉధ్నా పేటలో నేను అద్దెకున్న ఇంటి పెరడే దిక్కయింది. ఇంటావిడది మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

“గీ తీగ భూమిల ఎందుకు పెడుతున్నవ్ బిడ్డా?”

“రేడియో తరంగాల కోసం పెద్దమ్మా.”

“పాటలొస్తయా?”

“రావు.”

“మరెందుకు?” అంది జాలిగా.

పాతిన తీగకు కలిపిన కేబులును కిటికీలోంచి గదిలోకి లాగి, అక్కడే కూర్చుని కొలిచేవాణ్ణి. మొదట్లో అంకెలు నా లెక్కతో ముచ్చటగా కలిశాయి. ఆ గర్వంతో మా గైడు సారును చూడ్డానికి రమ్మని పిలిచాను. అంతే, అంకెలు దారి తప్పాయి. మీటరును అనుమానించాను, ప్రోగ్రామంతా మళ్లీ రాశాను, అసలే అంతంతమాత్రంగా తినే అన్నం మానేశాను (పెరట్లోకి తొంగిచూడాలని మాత్రం తోచలేదు). రేపు సారు వస్తారనగా, తీగను తవ్వి చూద్దామని పార పట్టుకుని వెళ్తే, పెద్దమ్మ బిందెతో నీళ్లు పోస్తోంది. తీగ పొడవునా లేత మొలకలు!

“పుంటికూర, బిడ్డా. మన్ను మంచిగ గుల్ల చేసినవని గింజలు చల్లిన. నువ్వు జర అన్నం తింటవని.”

మా వైపు దాన్నే గోంగూర అంటాం. పొడిమట్టికి వేసిన లెక్క తడిమట్టికి ఎలా సరిపోతుంది? విషయం చెబితే ఆమె మొహం వాడిపోయింది. “నీ చదువు ఖరాబ్ చేసిన్నా ఏంది? గిప్పుడే పీకేస్త” అని వంగింది. పార పడేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మర్నాడు సారు వచ్చీ రాగానే, నేను నోరు తెరిచేలోపే, తప్పు కుర్రాడిది కాదని, నీళ్లు పోసింది తనేనని ఆమె వచ్చీరాని హిందీలో అడ్డుపడింది. “సాబ్, లడ్కేకా గల్తీ నహీ. పానీ మైనే డాలా.”

సారు మొలకల దగ్గర గొంతుక్కూర్చుని పకపకా నవ్వారు. “వాన పడని నేల ఎక్కడుందయ్యా? తడికి కూడా లెక్క వెయ్యి” అని హిందీలో నాకు చెప్పి, నీళ్లు మానొద్దని ఆమెకు చెప్పారు. అప్పట్నుంచి రోజూ కిటికీ దగ్గర కేక: “నీళ్లు పోస్తున్న, కొలుసుకో బిడ్డా!” మెల్లగా తడి కూడా నా లెక్కలోకి వచ్చింది, అంకెలు కలిశాయి.

ఆమె పుంటికూర పప్పు వండిపెట్టిన రోజున కంచం ముందు కూర్చుని, తడిమట్టిలో కరెంటు నడక గురించి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. “తిను బిడ్డా, సల్లారుతది” అని ఆమె ఎన్నిసార్లు అన్నా ఆపలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు కనబడితే, నోరు మూసుకుని ఇంకో గరిటె వేయించుకోరా అని చెబుదును.