రొయ్య మీద పడని అనుమానం

ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరందక మా అమ్మని ఆస్పత్రికి పరుగెత్తించిన రోజు నుంచీ మా ఇంట్లో ఒకటే గోల, ఆ పూట వంట ఎవరు చేశారని. చేసింది మా వదిన. అన్నయ్యకు రేపల్లెలో చేపల వ్యాపారం, అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఆ వారమే అమ్మ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, కోడలు కూరలో ఏదో కలుపుతోందే అంది. కసురుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నా బుర్ర ఊరుకుంటేగా! నేనూ అమ్మ కడుపున పుట్టిన అనుమానప్పక్షినే.

అమ్మ చెప్పిన సాక్ష్యం కూడా గట్టిగానే ఉంది మరి. వదిన బాపట్ల పుట్టింటికి వెళ్తే అమ్మకు దద్దుర్లు ఉండవు. తిరిగొచ్చి పొయ్యి వెలిగించిందా, మళ్ళీ మొదలు. దాంతో అమ్మ కొత్త పద్ధతి పెట్టింది. కోడలు ముందు ఒక ముద్ద తినాలి, తనకేమీ కాలేదని తేలాకే అత్తగారికి వడ్డించాలి. వదిన కిక్కురుమనకుండా నిలబడే తినేది. ఆ ఆదివారం నేను వెళ్ళినప్పుడు వంటింట్లో మాత్రం నాతో ఒక్క మాట అంది.

"మీ అన్నయ్య కూడా ఇప్పుడు నా చేతుల వంకే చూస్తున్నారమ్మాయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మని తెనాలి తీసుకొచ్చి డాక్టరుకి చూపించాను. చేతి మీద చుక్కలు వేసి, సూదితో గుచ్చి చూసి, రొయ్య పడట్లేదండి అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. సముద్రపొడ్డున అడవులదీవిలో పుట్టిన మనిషి మా అమ్మ. ఒంట్లో నలతగా ఉంటే ఆవిడకి పథ్యం అంటే ఎండు రొయ్యలు, వెల్లుల్లి వేసి నూరిన కారం, వేడన్నంలో. దద్దుర్లు లేస్తే అదే పథ్యం, తగ్గకపోతే ఇంకాస్త పథ్యం. అది నూరి పెట్టేది వదిన. వదిన లేనప్పుడు నూరే ఓపిక లేక బయటి ఇడ్లీతో, పెరుగన్నంతో కానిచ్చేసేది.

అమ్మ ఒప్పుకుంటేనా! పుట్టినప్పటి నుంచీ తింటున్నాను, ఇప్పుడు రొయ్య పడకపోవడమేంటి అంది. నేను ఏటా క్లాసులో చెప్పే పాఠాన్నే ఆవిడకి వలల్లో చెప్పాను. చందువా చేపకి ఒక సైజు కన్నుల వల, కానాగంత చేపకి ఇంకో సైజు కన్నుల వల వేస్తారు కదా. మన నెత్తుట్లో కాపలా కాసే కణాలూ అలాంటి వలల్నే ఒంటి మీద మోస్తుంటాయి, వాటినే గ్రాహకాలంటాం. కాకపోతే ఏ చేప వస్తుందో వాటికి ముందు తెలియదు. అందుకని ప్రతి కణమూ తన జన్యువుల్లోంచి ఇక్కడో ముక్క, అక్కడో ముక్క తీసి అతికించి, తనదైన ఆకారంలో వల అల్లుకుంటుంది. అలా కోట్ల రకాలు. ఎన్నడూ ఎరగని క్రిమి వచ్చినా, ఏదో ఒక వలకి తగులుతుంది. తగిలిందా, ఆ కణం తనలాంటివాటిని కుప్పలుగా పుట్టిస్తుంది. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి ఆ ఆకారాన్ని మర్చిపోవు. తంటా అంతా ఎక్కడంటే, వచ్చింది శత్రువో చుట్టమో వలకి తెలియదు, ఆకారం సరిపోతే చాలు. రొయ్య కండలోని ప్రొటీన్ ఒకటి అమ్మ వలకి సరిపోయింది. ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడే ఎందుకంటే, డాక్టరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను.

అమ్మ అంతా విని, "రేపు నా చేత్తో నేనే వండుకు తింటా. నాకేం కాకపోతే అది కోడలి చెయ్యే. ఆ పూటే బాపట్ల బస్సెక్కిస్తా," అంది.

ప్రాణం మీదికొస్తుందని మొత్తుకున్నాను. వెంట రేపల్లె వెళ్ళి, ఎండు రొయ్యల డబ్బా దాచేశాను కూడా. అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చుకుని, నేను స్నానానికి వెళ్ళిన సందు చూసి వేయించుకుంది. బయటికొచ్చేసరికి కంచం ముందు కూర్చుని ఉంది, పెదాలు వాచిపోయి, గొంతులో ఈల వేస్తున్నట్టు చప్పుడు. వదిన ఇంట్లో లేదు. పారిపోయిందా అనిపించింది నాకు, ఆ క్షణంలో కూడా!

వదిన ఆటో తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. రొయ్యలు వేగిన వాసన రాగానే రోడ్డు మీదికి పరుగెత్తిందట. ఇద్దరం అమ్మని ఎక్కించాం. కంచం లాగేసుకోకపోయావా అని దారిలో అరిచాను.

"లాక్కుంటే, అందులో ఏదో కలిపాను కాబట్టే లాక్కున్నానంటారు," అంది వదిన.

ఇంజెక్షన్ పడ్డాక అమ్మకు ఊపిరి కుదుటపడింది. ఇంటికొచ్చాక మొదటి భోజనం బీరకాయ కూరా, చారూ. వదిన గిన్నెలు తెచ్చి పెట్టింది. అమ్మ తలెత్తకుండా, ఇంక రుచి చూడక్కర్లేదు, వడ్డించు అంది. వదిన ఆగలేదు. నిలబడే ఒక ముద్ద కలుపుకుని తిని, మంచినీళ్ళు తాగి, కాసేపు చూసి, అప్పుడు అమ్మ కంచంలో అన్నం పెట్టింది.

"అలవాటైపోయిందండి అత్తయ్యా," అంది.

అమ్మ అన్నం కలిపింది గానీ, ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.