పాత గిటారు, కొత్త గిటారు, మా బావ చెవి

మొన్న మంగళవారం పొద్దున్న మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, పాపా నహీ రహే" అంది, నాన్న ఇక లేడని. మా జంషెడ్‌పూర్ పిల్లలు ఏడుపు కూడా హిందీలోనే ఏడుస్తారు. మా బావ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వెనక్కి వాలిపోయాడట. మా సిద్ధగోరా నుంచి బావ వాళ్ళుండే గోల్‌మురి దాకా స్కూటర్ మీద ఎంతసేపు! ఆ కాసేపట్లో నా బుర్రలో తిరిగిన మాట చెబితే మీరు తిడతారు. "శనివారం కొత్త తీగలు వేసి వినిపిద్దామనుకున్నానే, ఇప్పుడెవరికి వినిపించాలి?" అదీ నా మొదటి ఆలోచన. ఏడుపు తర్వాత వచ్చింది, చాలానే వచ్చింది.

సమాధి దగ్గర నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. పిడికెడు మట్టి వేసి వెనక్కొచ్చేశాను. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి శనివారం ఒక మనిషితో ఒకే విషయం మీద పోట్లాడి, తీరా ఆయన గురించి రెండే మాటలంటే ఎక్కడ మొదలుపెడతాను? ఆ విషయం కూడా ఏమంత లోకాన్ని ఉద్ధరించేది కాదు. పాత ఎలక్ట్రిక్ గిటారు గొప్పదా, కొత్తది గొప్పదా. అంతే. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను, మీరు వినండి.

బావ అంటే మా అక్క మొగుడు. ఒక మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో గిటారు ఆయనదే. నేను ప్రింటర్లు రిపేరు చేసుకు బతికేవాణ్ణి, చర్చిలో బావ పక్కన రెండో గిటారు నాది. మా ఇద్దరికీ తిండి పెట్టేది పానా, స్క్రూడ్రైవరే కాబట్టి, గిటారు చేతికి దొరికితే వాయించడం కంటే ముందు విప్పి చూడాలనిపించేది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది ఇందులో ఉన్న మజా.

బావ గిటారు జపాన్‌లో తయారైంది. "నాకంటే నాలుగేళ్ళు సిన్నదిరా, మా సెల్లి" అనేవాడు. పెళ్ళికి ముందు, మా ఊళ్ళోనే బర్మామైన్స్ పేటలో ఒక రైలింజన్ డ్రైవరు వాయించడం మానేసి దాన్ని గోడకు తగిలించాడని తెలిసి వెళ్ళాడట. తన సైకిలు ఆయనకిచ్చేసి, గిటారు భుజాన వేసుకుని నడిచి వచ్చాడట. ఆ తర్వాత కొన్ని నెలల పాటు డ్యూటీకి కూడా నడకే. మా అక్క ఈ కథ చెప్పినప్పుడల్లా "అప్పటికింకా నన్ను సేసుకోనేదు గాబట్టి సరిపోయింది, నేకపోతే నన్నే ఇచ్చేసుండును" అనేది. బావ నవ్వి ఊరుకునేవాడు, కాదనేవాడు కాదు.

ఆ గిటారు మెడ రోకలిలా లావు. దాని శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె, అదే యాంప్, పాత రేడియో వాల్వులతో బావ సొంతంగా కట్టుకున్నది. స్విచ్చి వేస్తే గాజు బుడ్లలో ఎర్రటి వెలుగు, కాలిన దుమ్ము వాసన. ఒక నిమిషం పాటు ఏమీ ఉండదు. తర్వాత ఝుమ్మని హోరు. ట్యూబ్‌లైటు వేస్తే ఆ హోరు రెండింతలు. నా గిటారు ఇందుకు పూర్తిగా తలకిందులు. నల్లగా, సన్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది, వారమంతా శ్రుతి తప్పదు. హోరన్న మాటే లేదు. కాలి దగ్గర ప్రాసెసర్ ఒకటి, తొక్కితే చాలు రెండు వందల రకాల శబ్దాలు!

నేను దాన్ని మొదటిసారి పట్టుకెళ్ళిన రోజు బావ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటిరా ఇది, టీవీ రిమోటా? గిటారెక్కడుంది ఇందులో?"

"నీ డబ్బా వేడెక్కేలోగా ప్రార్థన అయిపోయి జనం ఇళ్ళకెల్లిపోతారు బావా."

"ఎక్కనీరా. అన్నం ఉడకాలంటే ఆగవా? అప్పుడు నేని తొందర ఇప్పుడేటి?"

అలా మొదలైంది. ఇక ప్రతి శనివారం మధ్యాహ్నం బావ వాళ్ళ వరండా మా ప్రయోగశాల. తీగకూ మెట్టుకూ మధ్య సందు ఎంతుందో కొలవడానికి బావ మిల్లులో వాడే ఫీలర్ గేజీ తెచ్చేవాడు. అంటే కాగితాల్లాంటి పల్చటి ఉక్కు రేకుల కట్ట. ఒక్కో రేకూ సందులో దూర్చి, పెదవి కొరుక్కుంటూ, "నీది బిగువు, నాది వదులు" అని తీర్పు చెప్పేవాడు. ఒక స్వరం మీటి ఎంతసేపు మోగుతుందో వాచీ పెట్టి చూసేవాళ్ళం. బావది ముందు ఆగిపోతే "మళ్ళీ, మళ్ళీ, నా గోరు జారింది" అని గొడవ. నాది ఆగిపోతే నేనూ అంతే. అక్క తెచ్చిన టీ మీద తొరక కట్టేసేది.

బావ మొండివాడే గాని అన్యాయస్థుడు కాదు. నా గిటారు మెడ మీద చెయ్యి జార్చి "యెన్నపూసరా ఇది, అబద్ధం ఎందుకాడాలి" అనేవాడు. నేను కూడా ఒకటి ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆ వాల్వుల పెట్టెలో మెల్లగా మీటితే మెల్లగా పలికేది, గట్టిగా కొడితే గుర్రుమనేది. మధ్యలో బటన్లేవీ ఉండవు, అంతా మన వేలే. చర్చికి కొత్తగా వచ్చేవాళ్ళు ఏ గిటారు కొనుక్కోవాలని అడిగితే బావ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "పాతదని దణ్ణం ఎట్టకు, కొత్తదని ఎగబడకు. ముందు ప్లగ్గెట్టి ఇను."

ఇంతలా వినమని చెప్పే మనిషితో మా అక్కకు ఒకటే పేచీ. పిలిస్తే పలకడు. "ఏటండీ" అంటే తిరగడు, ఇంటి సంగతి చెబితే సగంలో నవ్వి తలూపేస్తాడు. "గిటారుకైతే పాము సెవులు. నాను మాటాడితే సెవుడు" అని నా దగ్గర చాలాసార్లు అంది. మొదట్లో కోపంగా అనేది. రానురానూ అనడం మానేసి, చిన్నచిన్న కబుర్లు చెప్పడం కూడా మానేసింది. నాకది కనపడింది. ఆలుమగల మధ్య మనకెందుకని గిటారు వైపే చూసుకున్నాను, బుద్ధి లేనివాణ్ణి.

రెండేళ్ళ కిందట, క్రిస్మస్‌కు ముందు, పందెం వేసుకున్నాం. ఓడినవాడి గిటారు క్రిస్మస్ ఆరాధనకు ఇంట్లోనే ఉండాలి. బావ గోడ వైపు తిరిగి కూర్చోవాలి. ఒకే పాట, ఒకే యాంప్, నేను ఏ గిటారు వాయించానో పదిసార్లు చెప్పాలి. బావ ఎప్పుడూ యాంప్‌కు మోకాలు ఆనించుకునో, దాని మీదే ఎక్కి కూర్చునో వింటాడు. ఆ రోజు నేను కొత్త రూలు పెట్టాను. "అలా కుదరదు బావా, జడ్జీ దూరంగా కూర్చోవాల" అని కుర్చీని వరండా చివరకు లాగేశాను.

పదిలో మూడు చెప్పాడు. మూడే! నేను గిటారు మెడలో ఉండగానే గెంతులేశాను. "ఇరవయ్యేళ్ళ కేసు కొట్టేశాను! పాతదీ కొత్తదీ నీకే తేడా తెలీనేదు!" అని కేకలు పెట్టాను. బావ వెనక్కి తిరగలేదు. దగ్గరకెళ్ళి చూస్తే మొహం పాలిపోయి ఉంది.

"తేడా తెలీకపోడం కాదురా" అన్నాడు. "నాకు సరిగ్గా ఇనపడనేదు."

చిన్నప్పుడు రెండు చెవులూ కారేవట. పొరలు పాడైపోయి, వినికిడి ఏటికేడూ తగ్గుతూ వచ్చిందట. చర్చిలో వేళ్ళకు అలవాటైన పాటలు గనక నడిచిపోతోంది. ఇంట్లో అక్క మాట సగం పెదాలు చూసి పోల్చుకుంటున్నాడట.

"మరి అక్కతో చెప్పొచ్చు గదా బావా! నువ్వు లెక్కచెయ్యవనుకుంటంది."

"సెప్తే గిటారు దింపెయ్యమంటాది. అందరి ముందరా తప్పు వాయిత్తానని బయపడతాది. ఆదివారం పోతే నాకింకేటుందిరా?" గోడ వైపే చూస్తూ, "పందెం నువ్వు గెల్చావు. ఇంక నువ్వే వాయించు. నాను దింపేత్తాను" అన్నాడు.

నా గెలుపు మీద నాకే అసహ్యం వేసింది. ఏదో ఒకటి అనాలని, "ఇనపడకపోతే మరి మిల్లులో బేరింగులెలా పట్టుకున్నావు ఇన్నేళ్ళూ?" అన్నాను. బావకు పేరు తెచ్చిందే అది. తిరిగే యంత్రానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, లోపలి బేరింగు ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవాడు. పాత ఫిట్టర్లందరూ అలాగే వినేవాళ్ళు. కొలిచే మెషీన్లు వచ్చాక కూడా బావను పిలిచి అడిగేవారట.

"అది సెవితో కాదురా, స్క్రూడ్రైవ..." అని బావ ఆగిపోయాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను పరిగెత్తాను! పనిముట్ల పెట్టె కుమ్మరిస్తే, చెక్క పిడి ఉన్న ఆ మూరెడు స్క్రూడ్రైవర్ దొరికింది. బావ కళ్ళకు తువ్వాలు కట్టాను. మొనను గిటారు ఒంటికి ఆనించాను, పిడిని తను చెవి వెనక నొక్కుకున్నాడు. ఒక్క తీగ మీటాను. బావ నోరు తెరుచుకుపోయింది.

"నాదిది! మా సెల్లిరా! ఇంకోటి ఎయ్!"

పదికి పది. నేను మోసం చేసి ఒకే గిటారు మూడుసార్లు వాయించినా దొరికిపోయాను. అంతటితో ఊరుకున్నాడా? నా గిటారు దగ్గర తల పక్కకు వంచి, "ఆగు. నీ దాన్లో ఏదో టిక్కుమంటంది. ఎనకాల స్ప్రింగొకటి వదులైపోయినట్టుంది, సూడు" అన్నాడు. నెల రోజులుగా నా రెండు చెవులతోనూ నాకు వినపడని సంగతి అది. వెనక మూత విప్పి చూస్తే నిజంగానే ఒక స్ప్రింగు కొక్కెం మీద సగానికి జారి ఉంది. నేనూ బావా వరండాలో చిన్న పిల్లల్లా ఎగిరాం. పక్క క్వార్టర్‌లో వాళ్ళు "క్యా హువా, లాటరీ లగీ క్యా?" అని అడిగారు.

తర్వాత పందెం సంగతి వచ్చింది. చెరొకటి గెలిచాం గనక రెండు గిటార్లూ చర్చికి వెళ్తాయని తేల్చాం. కాని స్క్రూడ్రైవర్ పట్టుకుని చర్చిలో వాయించలేడు కదా. రెండు గిటార్లనూ ఒకదాని తర్వాత ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కొమ్ములా ముందుకొచ్చిన చోట దవడ ఆనించి చాలాసేపు మీటి చూశాడు. చివరకు నా నల్ల గిటారు మీద తట్టాడు.

"ఎముకలోకి ఇదే బాగా దిగతంది. ఇదిచ్చెయ్. నువ్వు మా సెల్లిని పట్టుకో."

ఇరవై ఏళ్ళు పాతదాని కోసం పోట్లాడిన మనిషి, దవడ చెప్పిన తీర్పును ఒక్క క్షణంలో ఒప్పేసుకున్నాడు. నా సంగతి చెప్పాలంటే, ఆ క్రిస్మస్ పొద్దున్న రోకలి లాంటి ఆ మెడ చేతిలో పట్టుకుని మొదటి స్వరం మీటగానే నా వెన్ను జలదరించింది. ఇన్నాళ్ళూ ఎంత కోల్పోయానురా అనుకున్నాను. పక్కన బావ నా గిటారు కొమ్ముకు దవడ ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్క తప్పు లేకుండా వాయించాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వచ్చి "ఈసారి తల వంచి ఎంత భక్తిగా వాయించారండీ" అని చెయ్యి పట్టుకున్నారు. బావ నా వైపు చూసి కన్ను కొట్టాడు. తర్వాత రెండేళ్ళు, మొన్నటి ఆదివారం దాకా, బావ అలాగే వాయించాడు.

ఆ క్రిస్మస్ మధ్యాహ్నమే అక్కకు చెప్పాడు. నేను వరండాలో వైర్లు చుడుతున్నాను. లోపల ముందు అక్క అరుపులు, తర్వాత ఏడుపు. "ఇన్నేళ్ళూ నానంటే ఇష్టం నేదనుకున్నానండీ" అన్నది మాత్రం నాకు స్పష్టంగా వినపడింది. బావ ఏమన్నాడో వినపడలేదు. నాకు భయం వేసి, మంచినీళ్ళ వంకతో వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"పొద్దున్న నువ్వు సర్చిలో పాడావు. పెదాలు ఆడ్డం సూశాను గాని ఒక్క ముక్క ఇనపడనేదు" అంటున్నాడు బావ. "ఇప్పుడు పాడు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. బావ తన నుదురు అక్క నుదుటికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అక్క పాడడం మొదలుపెట్టింది, మెల్లగా, ఏడుపు ఇంకా ఆరని గొంతుతో. పొయ్యి మీద కుక్కరు విజిల్ వేసింది. ఇంకోటి వేసింది. మూడు, నాలుగు, ఐదు. బావకు వినపడలేదు. అక్కకు వినపడింది గాని, నుదురు తియ్యలేదు, పాట ఆపలేదు.