బందెలదొడ్డికి తోలిన మా ఎద్దులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఆలస్యంగా సంగటి ముద్ద ముట్టేది మా పెద్దనాయన. పిల్లలమూ, మా నాయనా, ఆడవాళ్లూ తిన్నాక కూడా ఆయన కూర్చునేవాడు కాదు. ఎద్దులు మేత ముట్టాయో లేదో చూసొచ్చి, అప్పుడు కాళ్లు కడుక్కునేవాడు. పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో మాది చిన్న పల్లె. రాళ్లు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఎండాకాలమంతా చేలో రాళ్లు ఏరి గెనిమ గట్టు మీద పోసేవాడు. దున్నితే మళ్లీ లేచేవి, మళ్లీ ఏరేవాడు. పెళ్లాం తొలి కాన్పులోనే పోతే ఇంకో పెళ్లి మాట ఎత్తనీయలేదు. భూమీ, తమ్ముడూ, తమ్ముడి పిల్లలమైన మేమూ, అందరమూ ఆయన చేతుల్లోనే పెరిగాం.

ఇంత చెప్పానని ఆయన్ని దేవుణ్ణి చేసేస్తున్నాననుకోకండి. వట్టి మొండిమనిషి. ఒకటి అనుకున్నాడంటే ఎవరు చెప్పినా వినడు. ఆ మొండితనం వల్ల ఒక రోజు పుంగనూరు నడివీధిలో నాకు తల కొట్టేసినట్టయింది. దాని గురించి చెప్పాలంటే అంతకు ముందు ఏడాది సంగతి చెప్పాలి.

మా చేను పక్కన ఒక అత్త చేను ఉండేది. పెద్దనాయనను అన్నా అని పిలిచేది గనక మాకు అత్త. మొగుడు లేడు, పిల్లలు పసివాళ్లు. ఆమెకున్న ఆధారమల్లా బావి కింద కాస్త రాగి చేను, ఒక పాడి ఎనుము, అంటే గేదె. పెద్దనాయన ఎద్దు కొనడానికి కుప్పం వైపు పోయినప్పుడు ఆ ఎనుము పలుపు తెంచుకుని మా చెనక్కాయ, అదే వేరుశెనగ చేలో పడింది. మా నాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె వచ్చి కాళ్లావేళ్లా పడుతున్నా వినకుండా దాన్ని పుంగనూరు బందెలదొడ్డికి తోలేశాడు. ఒకరి పంటలో పడి మేసిన పశువును పట్టుకుపోయి కట్టించే దొడ్డి అది. దండగ కట్టి సొంతదారు విడిపించుకోవాలి. మా నాయన చేసింది చట్ట ప్రకారమే, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆమె చేబదులు కోసం ఇల్లిల్లూ తిరిగి అక్కడికి చేరేసరికి పొద్దు గూకింది. కొత్తవాళ్లను దగ్గరికి రానీయని ఎనుము అది, పొద్దున పితకని పొదుగుతో సాయంత్రందాకా అరుస్తూనే ఉందట. ఆ తర్వాత పొదుగు వాచింది. ఆ ఈతకు ఇక పాలు లేవు.

అప్పటి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. మా అమ్మ ఎదురుపడితే దారి మార్చుకునేది. పెద్దనాయన తిరిగొచ్చి అంతా విన్నాడు, తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాడనీ, ఆమె తలుపు తీయలేదనీ మా అవ్వ చెప్పింది. నాకు మాత్రం మా నాయన చేసిందే సరి అనిపించింది. మన పంట వాళ్లు మేపితే ఊరుకుంటామా అని నేనూ బడిలో గొప్పగా మాట్లాడాను.

మరుసటి ఏడాది వాన ముఖం చాటేసింది. దుక్కులు ఎండిపోయి అందరం ఆకాశం వైపు చూస్తూ ఉండగా ఒక రాత్రి ఉరుములతో దంచి కొట్టింది. తెల్లవారేసరికి పల్లెపల్లెంతా చెనక్కాయ విత్తనాలు బుట్టలకెత్తుకుంది. మా ఎర్రనేలలో పదును ఎక్కువసేపు నిలవదు. ఎండ తగిలిందంటే పైతడి ఆరిపోతుంది, విత్తనం మొలవదు. ఆ పూట విత్తుకున్న వాళ్లదే ఆ ఏటి పంట. నాగలి వెనక సాలులో విత్తనం వేయడానికి నన్ను కూడా బడి మాన్పించారు.

తీరా కొట్టంలో చూస్తే ఎద్దులు లేవు. ఉరుములకు బెదిరి తాళ్లు తెంచుకున్నాయి. పెద్దనాయన, మా నాయన, నేను వెతుక్కుంటూ పోతే అవి అత్త రాగి చేలో నిలబడి ఉన్నాయి. కోతకొచ్చిన చేను. మేసినంత మేశాయి, తొక్కినంత తొక్కాయి. ఇంకా ఎవరూ చూడలేదు, బిన్నా, తొందరగా ఇంటికి తోలుకుపోయి విత్తనం వేసుకుందాం, నష్టం సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నాడు మా నాయన. ఈ మాటలో అన్యాయమేముంది? పెద్దనాయన రెండు ఎద్దుల మెడలకూ తాళ్లు కట్టి పుంగనూరు దారి పట్టాడు. వెనక అదిలించడానికి నన్ను రమ్మన్నాడు. మా నాయన నెత్తిన చేతులు పెట్టుకుని చేలోనే నిలబడిపోయాడు.

దారిలో రెండు పక్కలా జనం విత్తనాలు వేస్తున్నారు. ఎద్దులను తోలుకుని పనికి కాకుండా ఊరికి పోతున్న మమ్మల్ని అందరూ వింతగా చూశారు. అది చాలదన్నట్టు పుంగనూరులో ఆ రోజు సంత. మా ఎద్దులు చూడముచ్చటగా ఉండేవి. అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి, పళ్లు చూసి, ఎంతకిస్తావని అడిగేవాళ్లు. ఊరికే తల ఊపి పోవచ్చు కదా ఈ మనిషి! అడిగిన ప్రతివాడికీ నిలబడి చెప్పాడు.

"అమ్మేదానికి కాదప్పా. పక్క చేన్లో పడి మేసినాయి. బందెలదొడ్డికి తోలుకపోతాండా."

విన్నవాళ్లు నవ్వారు. పిల్లగాళ్లు మా వెంటపడ్డారు. టీ అంగడి దగ్గర బడికి బయల్దేరబోతున్న మా అయ్యవారు కూడా ఉన్నాడు, ఆయనా విన్నాడు. నేను పావడా కుచ్చిళ్లు పట్టుకుని నేల చూస్తూ నడిచాను. ఆ నిమిషంలో ఆయన మా పెద్దనాయన కాకుంటే బాగుండు అనిపించింది, నిజం చెబుతున్నాను.

దొడ్డి కాపలాదారు ముసలాయన. ఎద్దులు ఎవరివంటే నావే అన్నాడు పెద్దనాయన. పట్టుకొచ్చిందెవరంటే నేనే అన్నాడు. కాపలాదారు దగ్గరికొచ్చి వాసన చూశాడు, తాగాడేమోనని. చివరికి నవ్వుకుంటూ గేటు తీశాడు. పెద్దనాయన ఎద్దులను కట్టి, గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అక్కడ నీడ కూడా లేదు. ఎండ ఎక్కుతోంది. విత్తనం పోతోంది, పంట పోతోంది, ఈయన ఇక్కడ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చి ఇంటికి పోదామని చెయ్యి పట్టి లాగాను. సాయంత్రందాకా ఆగమన్నాడు.

మధ్యాహ్నం దాటాక అత్త వచ్చింది. తన చేను చూసుకుని, ఊళ్లో సంగతి విని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి అంత దూరమూ నడిచొచ్చింది. తిడుతుందనుకున్నాను. గేటు దగ్గరే ఆగిపోయింది.

"యాలన్నా ఇట్ల చేస్తివి? నేను తోలమని అడిగితినా?"

"నువ్వు అడగవు మ్మా. తోలేదానికి నీకు మనిషి లేడు. అందుకే నేను తోలుకొస్తి."

ఆమె, పదును పోతాండాది, చిన్నబిడ్డ ఎండలో ఉండాది, తోలుకోని పో అని బతిమాలింది. పెద్దనాయన తల అడ్డంగా ఊపాడు. "నీ ఎనుము పొద్దు గూకేదాకా ఈడనే ఉండె. ఇవీ ఉండనీ."

మా నాయన ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. అన్నను ఈడ్చుకుపోదామని కోపంగానే వచ్చి ఉంటాడు. ఈ మాట విని గేటు పక్కన రాయిలా నిలబడిపోయాడు. ఆమె తిరిగి చూసింది. ఏడాది తర్వాత ఆమె ఆయన ముఖం చూడటం అదే మొదలు. మా నాయన తల దించుకుని, నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అన్నాడు.

"పితికే యాళ అని తెలిసే తోలినా మ్మా."

ఆమె కొంగు నెత్తిన కప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. మా నాయన వచ్చి అన్న పక్కన పేడలోనే కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా ఇద్దరూ అక్కడే ఉండి, దండగ కట్టి ఎద్దులను విడిపించారు. పొద్దున నుంచి పెద్దనాయనను చూసి సిగ్గుపడ్డాను కదా, ఇప్పుడు ఆ సిగ్గంతా ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు. సరిగానే చేశాడని బడిలో నేను గొప్పగా చెప్పుకున్న మా నాయన, ఆ మూగజీవం నొప్పి తెలిసే తోలాడు.

మరునాడు విత్తాం. సగం మొలిచింది, సగం మొలవలేదు. ఆ ఏడాది ఉలవలూ రాగులతో నెట్టుకొచ్చాం. అత్తకు పోయిన గింజలు మా గాదెలోంచి కొలిచి ఇచ్చినా ఆమె మాతో మునుపటిలా కలవడానికి చాలా కాలం పట్టింది. పెద్దనాయన ఆ రోజు గురించి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. పోయేదాకా రాళ్లు ఏరుతూనే ఉన్నాడు.

నాకిప్పుడు మనవరాళ్లున్నారు. నోరున్నదాన్ని, పోట్లాటలో ఎవరికీ తగ్గను. బాడుగకున్నవాళ్లతో, కోడలితో, తోడబుట్టినవాళ్లతో ఎన్నో మాటల్లో న్యాయం నా వైపే ఉండింది. నోరెత్తబోతుంటే మా నాయన తల దించుకుని అన్న మాట చెవిలో పడుతుంది. కొన్నిసార్లు నోరు మూసుకుంటాను. కొన్నిసార్లు మూసుకోను, తర్వాత ఎదుటివాళ్ల ముఖం చూడలేక కుమిలిపోతాను. తప్పు నాదైనప్పుడు నాకంత భయం లేదు, ఒప్పుకుంటే సరిపోతుంది. న్యాయం నా వైపు ఉన్నప్పుడే భయం.