రాఘవేందర్ సారు వేళ్ళ నొప్పులు

ఏది కనిపిస్తే దానికి గ్రాఫు గీయించడం రాఘవేందర్ సారుకున్న ఏకైక వ్యసనం. గీయించడమే, గీయడం కాదు. మేడ్చల్ అవతలి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే ఆ పెద్దమనిషి దగ్గర గ్రాఫులు గీసే పాతకాలపు క్యాలిక్యులేటర్ ఒకటుంది. మీటల మీద అంకెలు అరిగిపోయాయి. మూత రబ్బరు బ్యాండు దయవల్ల నిలబడింది. దాని మీద సారు తన వేలు మాత్రం పెట్టడు.

"వేళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, జర నువ్వు నొక్కు" అని ఎవరో ఒకరిని పట్టుకుంటాడు.

ఆ యేడు దొరికిపోయింది వర్ష. సూరారం నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. లెక్కల పేపరు ఒకసారి పోయింది. మళ్ళీ పోతే పై సంవత్సరానికి పంపరు. ఆ మాట నాయినకు చెప్పే ధైర్యం లేక కుమిలిపోతుంటే, క్యాంటీన్లో సారు ఎదురయ్యాడు.

"సాంబారు సోమవారం సిక్కగ, గురువారం నీళ్ళు, మళ్ళ సోమవారం సిక్కగ. గిదేం గ్రాఫు?"

"నాకు పరీక్ష ఉంది సార్."

"సాంబారుకు లేదు గద. చెప్పు."

"పైకి పోతది, కిందికొస్తది... సైన్ కర్వా సార్?"

"శభాష్! నొక్కు."

నొక్కింది. తెర మీద హైవేలా తిన్నటి గీత వచ్చింది.

"మిషన్ ఖరాబైంది సార్."

"మంచిగనే ఉంది. రేడియన్ల లెక్క డిగ్రీల్ల పెట్టి అడిగితే అదేం జేస్తది? మోడ్ మార్చు."

మార్చగానే గీత అలలెత్తింది. వర్ష పరీక్ష భయం మర్చిపోయి నవ్వేసింది.

అది మొదలు బస్టాండులో పెరిగే జనం, కాలేజీ కుక్క తోక ఊపు, ప్రిన్సిపాల్ కోపం అన్నీ ఆమె చేతే గీయించాడు. ఎందుకు వంగింది, సున్నా ఎక్కడ దాటింది అని ప్రశ్నలతో ప్రాణం తీశాడు. స్నేహితులు ఒకటే ఆటపట్టించారు.

పరీక్ష హాల్లోకి అలాంటి మిషన్ రానివ్వరు. అయినా ప్రశ్న చదవగానే గీత కళ్ళముందే కదిలింది. వర్ష పాసైంది.

"పాసైన సార్! ఇయ్యాల ఏం నొక్కాలె?"

సారు మూత తీసి రెండు బొటనవేళ్ళతో టకటకా తనే నొక్కేశాడు.

"సార్, వేళ్ళ నొప్పులు?"

"నీ రిజల్ట్ రాంగనే తగ్గినయ్."

సారు పట్టుకున్నవాళ్ళంతా లెక్కలు తప్పినవాళ్ళేనని అప్పుడు వెలిగింది వర్షకు. ట్యూషన్‌కు రమ్మంటే సిగ్గుతో ఎగ్గొట్టేవాళ్ళు, నొప్పులంటే కాదనలేకపోయారు.

అంతలో వరండాలో జూనియర్ బాలేష్ కనిపించాడు. మొన్ననే లెక్కలు తప్పినవాడు. సారు తన చెయ్యి తనే పట్టుకుని "అబ్బా! వేళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా" అన్నాడు.

బాలేష్ మెల్లగా వర్ష పక్కకు జరిగాడు. "అక్కా, సారుకు నిజంగనే నొప్పులా?"

ఆ క్షణాన సారు కాళ్ళకు దండం పెట్టాలనిపించింది వర్షకు. పెడితే గుట్టు రట్టవుతుందని ఊరుకుంది.

"మస్తు నొప్పులు, పాపం" అంది. "జల్దీ పో!"