ఒకావి చేత పెట్టించిన సంతకం

మార్చి పదకొండో తేదీన, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు గంటల లోపల, నలభై ఒక్క లిండెన్ చెట్లను నరికేశారు. వాటిని వందేళ్లుగా ఎవరూ నరకలేదన్నదే నరకడానికి చూపిన కారణం. కాగితం మీద ఆ మాట కాస్త మర్యాదగా కనిపిస్తుంది: "సదరు అటవీ ఖండము ఎవరి సంరక్షణలోను లేదు. పడిపోయిన వృక్షములు తొలగింపబడక కుళ్లుచున్నవి. స్థానికురాలి వాంగ్మూలము ఇందుతో జతపరచడమైనది."

ఆ స్థానికురాలి పేరు ఒకావి.

డెబ్బై రెండేళ్ల ఒకావి ఇల్లు మారీ జాతివాళ్లుండే పిస్తెంగెర్ గ్రామం చివర, కూసోతోకు అందరికంటే దగ్గరగా ఉంటుంది. కూసోతో అంటే మొక్కుల తోపు. సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ముప్పై నాలుగేళ్లు ఆవుల పాలు పితికిన చేతులు ఆవిడవి. ఇప్పటికీ వేళ్లు పూర్తిగా చాచలేదు, పూర్తిగా ముడవలేదు. ఆ పనికి సర్కారు ఇచ్చిన మూడు ప్రశంసాపత్రాలూ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. అదే డబ్బాలో ఆవిడ తల్లిని గురించి క్షేత్రం గోడపత్రికలో రాసిన ముక్క కూడా ఉంది: "దేవుణ్ణెరగని మూఢురాలు, పాడిశాల పని మాని అడవిలో గంజి కాచినది." ఆ గంజి తోపులో దేవుడికి పెట్టే నైవేద్యం. దేవుణ్ణెరగని వాళ్లు అన్నది ఈ ఊరివాళ్లకు ఇతరులు పెట్టిన పేరు. వీళ్లు తమను చిమారీ అనుకుంటారు. కల్తీ లేని మారీ అని దానికి అర్థం.

ఒకావికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి ఆమెను మొదటిసారి తోపుకు తీసుకువెళ్లింది. అంతకుముందు ఆవిరిగదిలో ఒళ్లు రుద్ది స్నానం చేయించి, ఉతికిన తెల్లబట్టలు కట్టింది. మొక్కు అయ్యాక ఇంటికి వస్తుంటే పిల్ల చేతిలో జానెడు ఎండుపుల్ల కనిపించింది.

"ఎక్కడిదే అది?"

"కిందపడి ఉంటే తెచ్చుకున్నా. బొమ్మకి చెయ్యి చేద్దామని."

"ఎక్కడ తీశావో అక్కడే పెట్టిరా పో."

"ఇంత చిన్న పుల్లకా?"

"చిన్నదో పెద్దదో, అది నీదా? పో."

మోకాటిలోతు మంచులో కిలోమీటరు వెనక్కి నడిచి, ఆ పుల్లను తీసిన చోటే పెట్టి వచ్చింది ఒకావి. తన మతం ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ నడక గురించే చెబుతుంది. ఓష్ కుగు యూమో, అంటే తెల్లని పెద్దదేవుడు, పంట ఇస్తాడు, దూడలనిస్తాడు, తేనె ఇస్తాడు. మనుషులు ఏదీ కోరకుండా, ఏదీ తీయకుండా వదిలిపెట్టే చోటు ఊరికొకటి ఉండాలని మాత్రమే ఆయన అడుగుతాడు. పడిన చెట్టును పడినచోటే ఉంచడం అక్కడ బద్ధకం కాదు, భక్తి.

నరికివేతకు ముందటి అక్టోబరులో అటవీ శాఖ తనిఖీదారు ఎరిక్ పెత్రోవిచ్ వచ్చాడు. పరాయివాడేమీ కాడు. పక్క ఊరి మారీ కుర్రాడే, మారీలోనే మాట్లాడాడు. ఒకావి అతన్ని కూర్చోబెట్టి టీ పోసి, మూడు పొరల మెల్నా అట్టు వేసి పెట్టింది. అతను తింటూ అడిగాడు.

"అవ్వా, ఆ అడవిని ఎవరు చూసుకుంటారు?"

"చూసుకోడానికి అదేమన్నా ఆవా నాయనా? పెద్దదేవుడి తోపు. ఆయనే చూసుకుంటాడు."

"కట్టెలకన్నా పోరా?"

"నోరు కడుక్కో! పుల్ల కూడా ఎత్తం. పడ్డది పడ్డచోటే. మా అమ్మమ్మ నాటినుంచీ ఒక్కరు చెయ్యి పెట్టింది లేదు."

"మరి అంతా కుళ్లిపోతోందే?"

"కుళ్లనీ. రేపు మనం కుళ్లమా?"

అతను నవ్వాడు. "భలేదానివవ్వా. నువ్వన్నవన్నీ రాశాను. ఇక్కడ సంతకం పెట్టు."

"ఎందుకూ?"

"నువ్వు చెప్పింది నువ్వే చెప్పావని."

ఒకావి కళ్లజోడు వెతికింది, దొరకలేదు. అయినా పెట్టింది. గంజి కాచినందుకు తల్లిని గోడకెక్కించిన సర్కారే ఈనాడు ఇంటికి వచ్చి తోపు గురించి అడుగుతోందని ఆవిడ గుండె పొంగిపోయింది. అట్టు మీద అట్టు, మూడు పెట్టింది.

మార్చిలో యంత్రపు రంపాల మోత వినబడి, చెప్పులు తప్ప కాళ్లకు మరేమీ లేకుండా మంచులోకి పరిగెత్తింది. పనివాళ్ల మేస్త్రీ తన జేబులోంచి కాగితం తీసి చూపించాడు. అడుగున వంకరటింకరగా తన పేరు! పైన ఉన్నవీ తన మాటలే. ఎవరూ చెయ్యి పెట్టలేదు, నిజమే. పుల్ల ఎత్తలేదు, నిజమే. ఒక్క అబద్ధమూ లేని వాంగ్మూలం నుంచి "దిక్కులేని అడవి" అన్న అబద్ధాన్ని పిండారు. తప్పుడు సాక్ష్యం చెప్పించినవాడికి చట్టంలో శిక్ష ఉంది. నిజమైన సాక్ష్యాన్ని తలకిందులు చేసినవాడికి జీతం ఉంది!

ఊరు ఆవిడను ఏమీ అనలేదు, ఎదురింటి సాలికా తప్ప. సాలికా నాలుకకు గొళ్లెం లేదు.

"మూడు అట్లు పెట్టావట ఒదినా. నలభై ఒక్క చెట్లు తిని పోయాడు. ఇంకొకటి పెట్టుంటే ఊరు కూడా మింగేవాడు."

ఆ మాటకు ఒకావి వారం రోజులు ఏడ్చింది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని బస్సెక్కింది. మిగిలిన తొమ్మిది చెట్లలో పెద్దదేవుడి లిండెన్ ఒకటి. ముగ్గురు చేతులు కలిపితేగాని దాని మొదలు చుట్టుకు రాదు. దాని నడుముకు ఎర్రరంగు పట్టీ వేసి పోయారు. రెండో విడత నరికివేత నవంబరు ఇరవై అని ఉత్తర్వు.

ఏప్రిల్ మూడో తేదీన జిల్లా కేంద్రంలో ఎరిక్ పెత్రోవిచ్ బల్ల ముందు నిలబడింది.

"నా సంతకం నాకిచ్చెయ్యి నాయనా."

"అట్లా ఇచ్చేది ఉండదవ్వా. ఒకసారి పెడితే పెట్టినట్టే. అక్కడ మొక్కుతారని రుజువు తెస్తే చూస్తా."

"ఏం రుజువు?"

"ఏదో ఒకటి. కంచె, బల్ల, బోర్డు. పోనీ, బూడిదన్నా."

"బూడిద మీద మట్టి కప్పేస్తాం. అర్పించిన బాతుల ఎముకలు కాల్చేస్తాం. మేం వచ్చిపోయినట్టు గడ్డికి కూడా తెలీకూడదు. మొక్కంటే అదే."

"గడ్డికే తెలీకపోతే ఆఫీసుకెట్లా తెలుస్తుందవ్వా?"

గదిలో ఇద్దరు గుమాస్తాలు కిసుక్కుమన్నారు. ఒకావి వాళ్లవైపు చూడలేదు.

"మీ అమ్మకు ఆరేళ్లు కడుపు పండలేదు. మా ఊరొచ్చి ఆ లిండెన్ కింద నిలబడి మొక్కుకుంది. పక్కన కొవ్వొత్తి పట్టుకున్నది నేనే. రుజువు కావాలంటే పోయి అద్దం చూసుకో."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాత ఎవరు?" అని పిలిచాడు.

ఆవిడ పెట్టిన అర్జీ సంఖ్య 118కి మే నెలలో జవాబు వచ్చింది: "పరిశీలింపబడినది." 164కి జూలైలో వచ్చింది: "ఇదివరకే తెలియజేయబడినది." 203కి జవాబే లేదు. మూడూ బిస్కెట్ల డబ్బాలోకి, తల్లి మీద రాసిన గోడపత్రిక ముక్క పక్కకు చేరాయి. అరవై ఏళ్ల కిందట ఈ తోపులో మొక్కినందుకు తప్పుపట్టారు. ఈనాడు ఇక్కడ మొక్కినట్టే లేదంటున్నారు. ఈ రెండు కాగితాల మీదా ఉన్నది ఒకే సర్కారు ముద్ర కాకపోవచ్చు. వాటి వెనక ఉన్న చిన్నచూపు మాత్రం ఒక్కటే. తలుపూ తాళమూ ఉన్న దేవుణ్ణి ఏ తనిఖీదారూ రుజువడగడు.

అక్టోబరులో, పంట ఇంటికి చేరాక, ఊరంతా తెల్లబట్టలు కట్టి తోపుకు వెళ్లింది. మొదళ్ల మధ్య నడవడానికి దారి వెతుక్కోవలసి వచ్చింది. ఎనభై ఒక్కేళ్ల పూజారి తోక్తాయ్ పెద్ద లిండెన్ ముందు రొట్టెలు పేర్చి, మైనపు కొవ్వొత్తులు వెలిగించి మొక్కు చెప్పాడు. పంట కోరాడు, పశువులను కోరాడు, పిల్లల ఆరోగ్యం కోరాడు. సర్కారుకు కట్టవలసింది కట్టే సత్తువ ఇమ్మని కూడా, తాతముత్తాతల నుంచి వచ్చినట్టే, ఒక్క మాట తగ్గించకుండా కోరాడు. తోపు నరికినవాళ్ల ఖజానా కోసం, నరికిన మొదళ్ల మధ్య నిలబడి!

అర్పణకు తెచ్చిన తెల్లని పెద్దబాతు ఒకావిది, వసంతం నుంచి తన చేత్తో మేపినది. తోక్తాయ్ దాని వీపు మీద నీళ్లు చల్లాడు. బాతు ఒళ్లు జలదరించి వణికితే దేవుడు ఒప్పుకున్నట్టు. వణకలేదు. మళ్లీ చల్లాడు. ఏడుసార్లు చల్లినా అది రాయిలా నిలబడి ఎర్రపట్టీ వైపే చూసింది.

"నీళ్లు మరీ చల్లగా ఉన్నాయేమో తాతా," అంది సాలికా.

"చల్లగా ఉంటే వణకాలి కదే పిచ్చిమొహమా!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఒకావి ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూలబడింది.

"బాతుది కాదు తాతా తప్పు. నా చెయ్యి మురికిది. ఆ సంతకం పెట్టిన చేత్తోనే దీన్ని మేపాను."

తోక్తాయ్ ఆవిడ వంకర వేళ్లను తన అరచేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ చేతికేం కాలేదమ్మా. నిజం చెప్పి పెట్టావు. మురికి పట్టింది రాయించుకున్న చేతికి. దాన్ని కడగడానికి నా చెంబులో నీళ్లు చాలవు. వాళ్లే కడుక్కోవాలి. అందాకా ఆయన తీసుకోనంటున్నాడు. లే."

"మరి బాతు?"

"ఇంటికి తోలుకుపో. కోయకు, అమ్మకు, ఎవరికీ ఇవ్వకు. పేరు చెప్పాం కదా, ఇక అది ఆయనది. నీ దగ్గర దాచమన్నాడు, అంతే."

ఆ బాతు ఇప్పుడు ఒకావి పెరట్లో ఓట్స్ గింజలు మేస్తోంది. సాలికా రోజూ ఒక గుప్పెడు తెచ్చి వేస్తూ, "కొత్తల్లుడు కూడా ఇంత తినడే," అని తిడుతుంది. మొన్న మొదటి మంచు పడింది. ఒకావి దాన్ని వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన చోటు చేసింది. రాత్రి నిద్రపట్టనప్పుడు తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది వేరెవరిదో అన్నట్టు చూసుకుంటుందట. పాలు పితికి ఒక ఊరి పిల్లలను పెంచిన చెయ్యి అది. ఆ ముసలి చేతికి ఈ శిక్ష వేసే హక్కు ఏ శాఖకు ఎవరిచ్చారు?

అటవీ శాఖవారూ, ఉత్తర్వు మీద ముద్ర వేసినవారూ, ఎరిక్ పెత్రోవిచ్, నీవూ వినండి. నవంబరు ఇరవైకి ఇంకా పదకొండు రోజులున్నాయి. జవాబులు పంపకండి, డబ్బాలో చోటు లేదు. ఆ వాంగ్మూలం అసలు ప్రతి పట్టుకుని మీరే రండి. స్నానం చేసి రండి, రంపం లేకుండా రండి. ఆవిడ సంతకాన్ని ఆవిడ చేతిలో పెట్టండి. పెద్ద లిండెన్ నడుముకు వేసిన ఎర్రపట్టీని మీ చేతులతోనే, బెరడుకు గాయం కాకుండా గీకండి. గీకిన రంగుపొట్టు మాత్రం ఒక్క రవ్వ వదలకుండా ఏరుకుని మీ వెంట తీసుకుపొండి. ఆ తోపులోంచి బయటికి పోవలసింది అదొక్కటే.